సాక్ష్యం చెప్పి ఇంటికొచ్చాక ప్రార్థన రావట్లేదు. దేవుడితో ఉన్నమాట అనొచ్చా?

వేళచ్చేరి చెల్లి
సోమవారం, రాత్రి 11.52

అందరికీ వందనాలు. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. ఇవాళ రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

మాది నెల్లూరు పక్క పల్లె. పెళ్లయ్యాక ఆరేళ్లుగా చెన్నైలో ఉంటున్నాం. జూలైలో, ఐదో నెల నిండాక బిడ్డ పోయింది. ఆడపిల్ల. ఆస్పత్రిలో ఒకసారి చేతికిచ్చారు. నా మోచేతికీ మణికట్టుకీ మధ్య సరిపోయింది.

నెల తిరక్కుండానే ఒక ఆదివారం ఆరాధనలో, దేవుడు చేసిన మేలు లేచి చెప్పే సాక్ష్యాల సమయంలో పాస్టరమ్మ గారు నావైపు చూసి, "దేవుడు నిన్నెలా నిలబెట్టాడో చెప్పమ్మా" అన్నారు. లేచాను. "ఆయనే ఇచ్చాడు, ఆయనే తీసుకున్నాడు, ఆయన నామానికి స్తోత్రం, నాకు సమాధానం ఉంది" అన్నాను. చప్పట్లు కొట్టారు. కొంతమంది కళ్లు తుడుచుకున్నారు. నాకు సమాధానం, అంటే మనశ్శాంతి, లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. పాస్టరమ్మ గారిని తప్పు పట్టట్లేదు, ఆవిడ ప్రేమగానే అడిగారు. అబద్ధం చెప్పింది నేను.

అప్పటినుంచి ప్రార్థన రావట్లేదు. మోకరిస్తాను. "మహోన్నతుడవగు మా పరలోకపు తండ్రీ, ఈ ఉదయకాల సమయమందు" అని నోరు దానంతటది తిరిగిపోతుంది. లోపల ఎవరూ ఉండరు. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో, కొత్త ఏడాదికి దేవుడి మాటగా తీసుకున్న వాగ్దాన కార్డు ఫ్రిజ్ మీద ఉంది, కీర్తన 113:9. "ఆయన సంతులేనిదానిని ఇల్లాలుగాను కుమాళ్ల సంతోషముగల తల్లిగాను చేయును." ఆగస్టులో దాన్ని వెనక్కి తిప్పి అయస్కాంతం పెట్టాను. అత్తమ్మ చూసి ముందుకు తిప్పారు. నేను మళ్లీ తిప్పాను. దాని గురించి మా ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు.

అత్తమ్మ మంచివారు. "దేవుణ్ణి ప్రశ్నించకూడదు తల్లీ" అంటారు, అంతే. నేను అడగాలనుకున్నది ఇది. నాకు ఆయన మీద కోపంగా ఉంది. ఆ మాట ఆయనతోనే అంటే పాపమా? లేక అనకుండా ఆదివారం చేతులెత్తి పాడుతున్నానే, అది పాపమా?

రాత్రి డ్యూటీ
మంగళవారం, తెల్లవారుజామున 3.20

అక్కా, నేను నర్సుని. వార్డంతా నిద్రలో ఉంది, అందుకే ఇప్పుడు రాయగలుగుతున్నా. మీ పరిస్థితిలో ఉన్న తల్లుల మంచం పక్కన చాలాసార్లు నిలబడ్డాను. వాళ్లెవరూ "మహోన్నతుడవగు" అని మొదలుపెట్టరు. "దేవుడా, వద్దు." అంతే. కొంతమంది అదీ అనలేరు, మంచం కమ్మీ పట్టుకుంటారు. అవి ప్రార్థనలు కావని నన్నెవరూ నమ్మించలేరు.

బైబిల్లో పిల్లల్లేక ఏడ్చిన హన్నా సంగతి చూడండి. గుడిలో పెదాలు కదుపుతూ ఏడుస్తుంటే యాజకుడైన ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు. ఆమె ఏమంది? నా ఆత్మను యెహోవా సన్నిధిని కుమ్మరించుకుంటున్నాను అంది. కుమ్మరించడమంటే కుండ బోర్లించడమే కదక్కా. పైన తేట మాత్రం పోసి అడుగున మడ్డి దాచుకోవడం కుదరదు. అంతా వస్తుంది.

మీ ప్రశ్నకి పెద్దవాళ్లు జవాబు చెప్తారు. మీరు ముందు ఏదైనా తిని పడుకోండి.

చిత్తూరు విశ్వాసి
మంగళవారం, ఉదయం 7.05

ప్రభువు నామంలో వందనాలు సిస్టర్. మీ దుఃఖం చదివి ప్రార్థించాను. అయినా ఒక మాట చెప్పకుండా ఉండలేను. యోబు పదిమంది పిల్లల్ని ఒక్కరోజే పోగొట్టుకున్నాడు. "దేవుడు అన్యాయము చేసెనని చెప్పలేదు" అని వాక్యం అతని గురించి సాక్ష్యమిచ్చింది. ఇశ్రాయేలీయులు అరణ్యంలో సణిగారు, రాలిపోయారు. మీరు సణగకండని పౌలు కొరింథీయులకు రాసింది వాళ్లను చూపించే. మన భావాల్ని బట్టి దేవుణ్ణి కొలవకూడదు. కోపం వచ్చినప్పుడు నోటికి కావలి పెట్టుకుని, స్తుతితో దాన్ని జయించాలి. నేను నేర్చుకున్నది ఇదే.

మదరాసు తెలుగు
మంగళవారం, మధ్యాహ్నం 1.40

చిత్తూరు అన్నా, మీరు ఎత్తిన మాట మీదే నేను చాలా ఏళ్లు కొట్టుమిట్టాడాను, అందుకే వివరంగా రాస్తున్నా.

సణగడం వేరు, మొరపెట్టడం వేరు. మన తెలుగులోనే రెండు మాటలున్నాయి. ఇంట్లో కోడలు వంటగదిలో గిన్నెలు గట్టిగా పెడుతూ గొణిగితే అది సణుగుడు. అత్త ఎదురుగా వచ్చి "అత్తమ్మా, నాకు కష్టంగా ఉంది" అంటే అది సణుగుడు కాదు. ఇశ్రాయేలీయులు ఎక్కడ సణిగారో ద్వితీయోపదేశకాండం 1:27 చూడండి, కీర్తన 106:25 చూడండి. గుడారాల్లో. దేవుడికి వీపు తిప్పి, ఒకళ్లతో ఒకళ్లు.

అదే పాళెంలో మోషే ఏం చేశాడు? సంఖ్యాకాండం 11వ అధ్యాయం. జనం మాంసం కోసం ఏడుస్తున్నారు. మోషే నేరుగా దేవుడి దగ్గరకే వెళ్లి, నన్నెందుకు ఇలా బాధపెట్టావు, వీళ్లందర్నీ నేను గర్భాన మోశానా, నేను కన్నానా, ఇలాగైతే నన్ను చంపెయ్యి అన్నాడు. ఇంతకన్నా కటువుగా ఎవరైనా ఏమంటారు? దేవుడు ఆయన్ని కొట్టలేదు. భారం పంచుకోవడానికి 70 మంది పెద్దల్ని పిలిపించాడు. జనం ఏడుపుకొచ్చిన జవాబు వేరు, మోషే మొరకొచ్చిన జవాబు వేరు. మాటల్లో కటుత్వం చూస్తే మోషేదే ఎక్కువ. తేడా ఎటు తిరిగి మాట్లాడారన్న దగ్గరుంది.

యోబు కూడా మొదటి రెండు అధ్యాయాలతో అయిపోలేదన్నా. మూడో అధ్యాయంలో తాను పుట్టిన రోజునే శపించుకున్నాడు. అక్కణ్ణుంచి దేవుణ్ణి న్యాయసభకు రమ్మన్నంత పని చేశాడు. దేవుడి పక్షాన మాట్లాడిన స్నేహితులు ముగ్గురూ చక్కటి ఉపదేశాలు చెప్పారు. చివరికి 42:7లో దేవుడు కోప్పడింది వాళ్లమీద. నా సేవకుడైన యోబు పలికినట్లు మీరు నన్నుగూర్చి యుక్తమైనది పలకలేదన్నాడు. నన్ను ఆపేసిన వచనం ఇది. చాలా ఏళ్లు నేను ఆ స్నేహితుల్లో ఒకణ్ణి.

చెల్లెమ్మా, మీరు సణగట్లేదు. సణగకుండా, మొరపెట్టకుండా మధ్యలో ఇరుక్కున్నారు. నోరు మూసుకున్నారు, అంతే.

బెసంట్ నగర్ నుంచి
మంగళవారం, సాయంత్రం 6.15

నేను క్యాథలిక్‌ని, మాది కావలి. ఇక్కడ ఎక్కువమంది ప్రొటెస్టెంట్లని తెలుసు, అయినా చెప్పాలనిపించింది.

పన్నెండేళ్లప్పుడు నేర్చుకున్న జాబితానే పాపసంకీర్తనంలో, అంటే ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు, ఇరవై ఏళ్లు ఒప్పజెప్పాను. అబద్ధాలాడాను, కోప్పడ్డాను, ప్రార్థన మానేశాను. రెండేళ్ల కింద, మా అన్నయ్య పోయిన ఏడు, ఆగస్టు 29న వేళాంకన్ని మాత గుడి దగ్గర జెండా ఎత్తే రోజు జనంలో నిలబడి పాపసంకీర్తనానికి వెళ్లాను. మామూలుగానే "కోప్పడ్డాను ఫాదర్" అన్నా. తెర అవతల నుంచి ఆయన "ఎవరి మీదమ్మా?" అన్నారు. ఇరవై ఏళ్లలో ఎవరూ అడగలేదు. "దేవుడి మీద" అని వచ్చేసింది నా నోట. నేనే ఉలిక్కిపడ్డాను. ఫాదర్ గారు కాసేపు ఊరుకుని, "ఇది ఆయనకి చెప్పావా, నాకే చెప్తున్నావా?" అన్నారు. ప్రాయశ్చిత్తంగా జపమాల ఏమీ ఇవ్వలేదు. సముద్రం ఒడ్డుకెళ్లి అరగంట కూర్చుని ఆ మాట ఆయనతోనే చెప్పమన్నారు. గుడి నుంచి ఇసక దాకా నాలుగు అడుగులే. ఆ నాలుగు అడుగులు వేయడానికి భయపడ్డాను. వెళ్లాను.

అన్నయ్య గురించి జవాబు రాలేదు. ఇప్పటికీ లేదు. ఆ రోజు నుంచి మాత్రం జాబితా ఒప్పజెప్పడం మానేశాను.

ఓఎంఆర్ తమ్ముడు
మంగళవారం, రాత్రి 10.30

అక్కా, మీ బాధ ముందు నాది చెప్పడానికి సిగ్గుగా ఉంది. కానీ "చేతులెత్తి పాడుతున్నానే, అది పాపమా" అన్న మీ మాట పొద్దున్నుంచి నన్ను వదలట్లేదు.

నాకు 31. షోలింగనల్లూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. యవనస్తుల కూటంలో గిటార్ వాయిస్తాను, ఆరాధన నడిపిస్తాను. మేముండేది మామయ్య గారి ఫ్లాట్‌లో, అద్దె కట్టం. పన్ను తగ్గించుకోవడానికి మూడేళ్లుగా నెలకి 18,000 అద్దె కడుతున్నట్టు ఆఫీసులో రసీదులు పెట్టాను, మామయ్య పాన్ నంబరుతో. ప్రతి జనవరిలో ప్రూఫులు అడుగుతారు కదా. ఒకే రాత్రి కూర్చుని పన్నెండు నెలల రసీదులు రాసేవాణ్ణి. ఒకే రోజు రాసినట్టు కనపడకూడదని నెలకో పెన్ను మార్చాను. రెవెన్యూ స్టాంపు మీద మామయ్య సంతకం నేనే పెట్టాను. అదే వారం ఆదివారం స్టేజీ ఎక్కి, నా సర్వస్వం నీదే అనే పాటలు పాడించాను. వేళ్ల మీద సిరా మరక పోలేదింకా, ఆ వేళ్లతోనే గిటారు వాయించాను.

మత్తయి 21లో ఇద్దరు కొడుకుల కథ ఉంది కదా. ద్రాక్షతోటకి పోయి పని చెయ్యమంటే ఒకడు "పోను" అన్నాడు, తర్వాత మనసు మార్చుకుని పోయాడు. ఇంకొకడు "అయ్యా, పోదును" అన్నాడు, పోలేదు. నేను ఆ "అయ్యా, పోదును" గాణ్ణి. ఎంత మర్యాదగా అన్నాడో చూడండి, "అయ్యా" అని కూడా అన్నాడు. "పోను" అన్నవాడు తండ్రి ముఖం మీద చెప్పాడు. మొరటుగా చెప్పినా ఉన్నమాట చెప్పాడు కాబట్టి మారడానికి అతనికి దారి మిగిలింది. నేను "పోదును" అన్నాక మారాల్సింది ఏముంది? నా లెక్కలో నేను పోయినట్టే కదా.

ఏం చెయ్యాలో తెలియట్లేదు. దేవుణ్ణి క్షమించమని అడిగాను, నిజంగానే అడిగాను. అక్కడితో అయిపోయిందా?

రాత్రి డ్యూటీ
బుధవారం, తెల్లవారుజామున 4.45

తమ్ముడూ, అయిపోలేదు. నేను దాటొచ్చింది చెప్తాను.

ఒక రాత్రి, నాలుగు గంటల బీపీ చూడాలి. ఒక పెద్దాయనకి రాత్రంతా నిద్ర లేదు, అప్పుడే కళ్లు మూశారు. లేపబుద్ధి కాలేదు. రెండు గంటలప్పుడు 130/80 ఉంది. చూడకుండానే నాలుగు గంటల గడిలో 128/80 అని రాసేశాను. ఆయనకేమీ కాలేదు, రెండు రోజులకి ఇంటికెళ్లారు. మూడు వారాలు ప్రతి రాత్రీ దేవుణ్ణి క్షమాపణ అడిగాను. ప్రతి రాత్రీ ఎందుకు అడగాల్సి వస్తోందో అర్థమయ్యేది కాదు. మత్తయి 5లో బలిపీఠం ఎదుట కానుక వదిలిపెట్టి ముందు వెళ్లి సమాధానపడమన్న మాట చదివినప్పుడు తెలిసింది. దేవుడు నన్ను ఇన్‌చార్జ్ సిస్టర్ దగ్గరకి పంపుతున్నాడు. నేనేమో ఆయన దగ్గరే నిలబడి "క్షమించు, క్షమించు" అంటున్నాను, కదలకుండా.

వెళ్లి చెప్పాను. రాతపూర్వకంగా సంజాయిషీ తీసుకున్నారు. నెల రోజులు నా చార్టులన్నీ ఇంకొకరు చూసి సంతకం పెట్టారు. కొలీగ్స్ ముందు తల కొట్టేసినట్టయింది. ఆ నెలంతా పెద్దవాళ్లని నిద్రలేపి బీపీ చూశాను, తిట్లు తిన్నాను. ఆ నెలలోనే నిద్ర కూడా పట్టింది.

చెల్లి అక్కా, మీరు ఇది చదివి మీ విషయంతో కలుపుకోవద్దు. మీరు ఏ తప్పూ చెయ్యలేదు. నాదీ తమ్ముడిదీ తప్పు, మీది గాయం. రెండింటికీ ఆయన దగ్గరకే పోవాలి గానీ పోయే పని వేరు.

బెసంట్ నగర్ నుంచి
బుధవారం, ఉదయం 9.10

తమ్ముడూ, నేను ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పని చేస్తాను కాబట్టి ఇది చెప్పగలను. దారి ఉంది. 2022 బడ్జెట్‌లో అప్‌డేటెడ్ రిటర్న్ అని తెచ్చారు. మనంతట మనమే ముందుకొచ్చి పాత రిటర్న్ సరిచేసి, ఎగ్గొట్టిన పన్ను, వడ్డీ కట్టాలి. దాని మీద అదనం కూడా ఉంటుంది. అసెస్‌మెంట్ సంవత్సరం (ఆదాయం వచ్చిన ఆర్థిక సంవత్సరం తర్వాతి ఏడాది) ముగిసిన మొదటి 12 నెలల్లోపైతే 25 శాతం, రెండో ఏడాదైతే 50 శాతం. తర్వాత గడువు నాలుగేళ్లకి పెంచారు, మూడో ఏడు 60, నాలుగో ఏడు 70. మీ మూడేళ్లలో ఏది ఎక్కడ పడుతుందో మంచి ఆడిటర్ దగ్గర కూర్చుని చూసుకోండి. నోటీసు వచ్చేదాకా ఆగకండి, అప్పుడు ఈ దారి మూసుకుపోవచ్చు. మీ మామయ్య గారితో కూడా ముందే మాట్లాడండి. ఆయన పాన్ మీద ఆయనకి రాని అద్దె చూపించారు కదా, ఆయన్నీ ఇందులోకి లాగారు మీరు.

బైబిల్లో పన్నులు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు. మిమ్మల్ని అంత అడగట్లేదు. కానీ ఇవ్వాలి.

నిర్వాహకులు
బుధవారం, ఉదయం 9.40

పన్ను సంగతి వేరే చర్చగా విడదీద్దామా అనుకున్నాం. చెల్లి గారే మెసేజ్ పంపి ఉంచమన్నారు, తనకీ ఉపయోగపడుతోందట. అందుకే కదపట్లేదు. ఆమెకి బోధలు చెయ్యాలనుకునేవారు ముందు ఆమె రాసింది ఇంకోసారి చదవండి.

చిత్తూరు విశ్వాసి
బుధవారం, మధ్యాహ్నం 2.25

నిర్వాహకులు ఎవరిని ఉద్దేశించి రాశారో తెలుసు. పరవాలేదు, న్యాయమే.

మదరాసు బ్రదర్ రాసింది నిన్న రాత్రి బైబిల్ తెరిచి చూశాను. సంఖ్యాకాండం 11 ఎన్నిసార్లు చదివుంటానో, మోషే మాటల్ని ఎప్పుడూ ఆపి చదవలేదు, జనానికి మాంసంగా వచ్చిన పూరేడు పిట్టల దగ్గరకి పరిగెత్తేవాణ్ణి. 2021లో కరోనా రెండో అలలో మా నాన్నగారు పోయారు. ఆక్సిజన్ కోసం ఊరంతా తిరిగాను. సమాధి దగ్గర పదిమందే ఉన్నాం. నేనే ప్రార్థన చేశాను, స్తోత్రంతో మొదలుపెట్టి స్తోత్రంతో ముగించాను. అందరూ నా విశ్వాసం గొప్పదన్నారు. ఆ తర్వాత నాన్నగారి గురించి దేవుడితో ఒక్కసారి కూడా మాట్లాడలేదని నిన్న రాత్రి గుర్తించాను. నాలుగు మాటలు అనబోయాను. గొంతు పెగల్లేదు.

అయినా ఒక భయం నాకు పోలేదు, అది దాచను. కోపం చెప్పుకోవడం ఒకటి, దానిలో కాపురం పెట్టడం ఇంకొకటి. సూర్యుడు అస్తమించేవరకు కోపం నిలిచి ఉండకూడదని వాక్యం. చెప్పి వదిలెయ్యగలమా? చెప్పినకొద్దీ పెరిగితే?

మదరాసు తెలుగు
బుధవారం, రాత్రి 8.50

అన్నా, మీ నాన్నగారి గురించి రాసినందుకు మనసారా వందనం.

మీ భయం ఉత్తిది కాదు. నాకు కనపడిన జవాబు 88వ కీర్తన. ఎజ్రాహీయుడైన హేమాను కీర్తన. మిగతా మొర కీర్తనలు చాలావరకు ఏదో ఒక దగ్గర వెలుగులోకి తిరుగుతాయి. ఇది తిరగదు. చివరి మాట, "చీకటియే నాకు బంధువర్గమాయెను." అక్కడే ఆగిపోతుంది. పరిశుద్ధ గ్రంథంలో ఇలాంటి ప్రార్థన ఉంచారు, తీసెయ్యలేదు, చివర్లో ఒక స్తోత్రం అతికించలేదు. హేమాను కోపం ఆ సాయంత్రానికి తీరినట్టు లేదు. కానీ అదే కీర్తనలో, ఉదయమున నా ప్రార్థన నిన్ను ఎదుర్కొంటుంది అంటాడు. పొద్దున్నే మళ్లీ వచ్చాడు. చీకట్లో ఉన్నాడు, అయినా రావడం మానలేదు. కాపురం పెట్టడమంటే రావడం మానెయ్యడమేమో అని నా ఆలోచన.

ఇంకొకటి చెల్లెమ్మకి. మీ మొదటి పోస్టులో నన్ను పట్టుకున్నది "మహోన్నతుడవగు". మాది మూడు తరాలుగా మదరాసు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, గుడిలో మాత్రం ఇంకేదో భాష. మా నాన్న కూరగాయల బండి దగ్గర బేరమాడే తెలుగు ఒకటి, ప్రార్థనకి లేస్తే "సర్వోన్నతుడా, సకలాశీర్వాదములకు కారణభూతుడవగు" అని ఇంకొకటి. మన బైబిలు తెలుగు పాతది, నాకెంతో ఇష్టం. కానీ ఆ భాషలో నాకు కోప్పడ్డం రాదు. అలగడం రాదు. నేను ఏడ్చే భాష అది కాదు. గ్రాంథికంలో మొదలుపెట్టగానే పాత్రలోకి దిగిపోతాను, నాటకంలో రాజు వేషం కట్టినవాడిలా.

యేసు సిలువ మీద అన్న మాట ఏ భాషలో ఉందో చూడండి. మార్కు సువార్త రాసింది గ్రీకులో. కానీ ఆ కేక దగ్గరికి వచ్చేసరికి ఆయన నోటి మాటనే, అరామిక్‌లోనే ఉంచేశాడు. "ఎలోయీ, ఎలోయీ, లామా సబక్తానీ." తర్వాత అర్థం చెప్పాడు. అమ్మ దగ్గర నేర్చుకున్న భాషలో ఏడ్చాడాయన. నన్నెందుకు చెయ్యి విడిచావు అని అడిగాడు. ప్రశ్నించకూడదంటే ముందు ఆయన్నే ఆపాలి మనం.

చెల్లెమ్మా, ఒక్కసారి నెల్లూరు భాషలో ప్రార్థన చేసి చూడండి.

ఒంగోలు తాత
గురువారం, ఉదయం 6.00

అమ్మాయ్, నేను ఐసీఎఫ్‌లో, అదే రైలు పెట్టెల ఫ్యాక్టరీలో, పనిచేసి రిటైరయ్యాను, పెరంబూరులో ఉంటాను. టైపు చెయ్యడం మనవడు. చెప్పడం నేను.

నువ్వు వేళచ్చేరి నుంచి బీచ్ రైలెక్కితే తిరుమయిలై దగ్గర కిందకి చూడు. స్టేషన్ స్తంభాలు నిలబడి ఉన్న నల్లటి నీళ్లు బకింగ్‌హాం కాలువ. ఇప్పుడు ముక్కు మూసుకుంటాం గానీ, ఆ కాలువ మా ఒంగోలు పక్కగా పోతుంది, మా వాళ్లు తవ్వారు దాన్ని. 1876 నుంచి 78 దాకా ధాత కరువు. ఒంగోలులో ఉన్న బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర సర్వేయరు పని తెలిసిన మనిషి. జనం చచ్చిపోతుంటే ఆ కాలువలో మూడు మైళ్ల పైచిలుకు ముక్కకి కాంట్రాక్టు తీసుకుని పని పెట్టించాడు. తవ్వినవాళ్లకి కూలి. సాయంత్రం పూట వాక్యం. జనం బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూలి గింజల కోసం వచ్చారో, క్రీస్తు కోసం వచ్చారో వాళ్లకీ ఆయనకీ కూడా తేలాలని ఏడాదికి పైగా ఆపేశాడు. పని ఆగింది. ఇక ఇవ్వడానికి సాయం లేదని కూడా చెప్పేశాడు. అప్పుడు వచ్చారమ్మా. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది. మా నాయనమ్మ వాళ్ల అమ్మ అందులో ఉందని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఆమెకి ఆ కరువులో ఇద్దరు బిడ్డలు పోయారు.

చిన్నప్పుడు ఆ 2,222 అంకె గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఈ వయసులో నాకు ఆ అంకె కంటే ఆ ఆగిన ఏడాది ఎక్కువ అనిపిస్తుంది. దొర వాళ్లతో మర్యాదకి ఆమేన్ అనిపించుకోలేదు. కూలి ఆగిపోయాక ఏమంటారో వినాలనుకున్నాడు.

నీకు కూలి ఆగిపోయింది, అమ్మాయ్. ఆశపడింది చేతికి రాలేదు. అయినా నువ్వు అర్ధరాత్రి కూర్చుని "ఆయనతో ఈ మాట అనొచ్చా" అని అడుగుతున్నావు. ఆయన లేడనలేదు, వద్దనలేదు. ఆయనతో ఎలా మాట్లాడాలని అడిగావు. నీకు విశ్వాసం లేదని నువ్వనుకుంటున్నావేమో. నాకు అలా కనపడలేదు.

ఓఎంఆర్ తమ్ముడు
గురువారం, రాత్రి 11.15

మామయ్యతో చెప్పాను. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "నా సంతకం నువ్వు పెట్టడం నాకు ఎక్కువ బాధగా ఉంది" అన్నారు. శనివారం ఆడిటర్ దగ్గరకి ఇద్దరం వెళ్తున్నాం. ఈ ఆదివారం స్టేజీ ఎక్కనని కూటం పెద్దలకి చెప్పాను, కారణం కూడా చెప్పాను. చేతులు వణికాయి చెప్తుంటే. బెసంట్ నగర్ అక్కకీ, నర్సు అక్కకీ థాంక్స్.

వేళచ్చేరి చెల్లి
ఆదివారం, రాత్రి 9.30

అందరివీ చదివాను. కొన్ని రెండు మూడుసార్లు చదివాను. జవాబు రాయడానికి నాలుగు రోజులు పట్టింది.

శుక్రవారం తెల్లవారి లేచి, కుక్కర్‌కి బియ్యం కడుగుతున్నాను. మోకరించలేదు. మదరాసు అన్న చెప్పింది గుర్తొచ్చి, ఉన్నచోటే నిలబడి అన్నాను. "ఏంది నాయనా, ఇట్టా చేసినావు? నేను అడక్కుండానే నువ్వే గదా కార్డు ఇచ్చింది? ఇచ్చి ఎట్టా తీసుకోబుద్దయింది నీకు?" అని. మా అమ్మతో పోట్లాడినట్టు. చేతులు బియ్యంలోనే ఉన్నాయి. నీళ్లు పొంగి సింకులోకి పోతున్నాయి, కుళాయి కట్టేయడం కూడా తెలియలేదు. ఎంతసేపు ఏడ్చానో తెలియదు. ఈ మూడు నెలల్లో ఆ ఏడుపు రాలేదు.

మా ఆయన లేచి వచ్చారు. వినేశారు. ఏమంటారోనని భయపడ్డాను. కుళాయి కట్టేసి, "నేను కూడా అడగాలనుకుంటున్నా" అన్నారు. ఆయన నాలుగో రోజే ఆఫీసుకెళ్లిపోయారని ఇన్నాళ్లూ నాకు లోపల కోపం ఉండేది. ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చేవారట. నాకు చెప్పలేదు.

ఇవాళ ఆరాధనలో సాక్ష్యాలు అడిగారు. నేనే లేచాను. "పోయిన సారి సమాధానం ఉందని చెప్పాను. లేదు. ఇంకా బాధగానే ఉంది, కోపంగా కూడా ఉంది. నాకోసం ప్రార్థన చెయ్యండి" అని కూర్చున్నాను. చప్పట్లు లేవు. కాసేపు ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. పాస్టర్ గారు వెంటనే ఏమీ అనలేదు. తర్వాత కళ్లు మూసుకుని, "ప్రభువా, విన్నావు" అన్నారు. అంతే. తర్వాతి పాటకి వెళ్లారు. పాస్టరమ్మ గారు బయట నా చెప్పుల దగ్గర నిలబడి, "ఆ రోజు నేను అడగకుండా ఉండాల్సిందమ్మా" అన్నారు. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

తేలికైపోయిందని చెప్పను, కాలేదు. పొద్దున ఒక కోపం, రాత్రికి ఇంకో కోపం. కానీ ఇప్పుడు ఎదురుగా అంటున్నాను. చిత్తూరు అన్నా, మీ నాన్నగారి కోసం ఇవాళ ప్రార్థనలో ఆగాను. మీ గొంతు పెగలాలని అడిగాను.

తాతయ్య గారూ, నిన్న రైల్లో తిరుమయిలై దగ్గర లేచి కిటికీలోంచి కిందకి చూశాను. మీ నాయనమ్మ వాళ్లమ్మ గురించి ఆలోచించాను. ఆమె పిల్లలకి పేర్లు పెట్టారా, తెలుసా మీకు?

కార్డు ఇంకా వెనక్కే ఉంది. ఇవాళ తిప్పనని ఆయనకే చెప్పాను. అత్తమ్మ కూడా చూశారు, ముట్టుకోలేదు.

ఒంగోలు తాత
సోమవారం, ఉదయం 6.10

పేర్లు మాదాకా రాలేదమ్మా. ఇద్దరని మాత్రం తెలుసు. బుధవారం ఉపవాస ప్రార్థన ఉంది మాకు. నీ పేరు, ఊరు చెప్పకుండా నీ సంగతి అక్కడ చెప్పొచ్చా?

వేళచ్చేరి చెల్లి
సోమవారం, ఉదయం 7.30

చెప్పండి తాతయ్యా. కోపంగా ఉందన్న మాట కూడా చెప్పండి.